న్యాయస్థానపు గడప



గంజాం సీమలోని పాత తెలుగు కుటుంబాలలో తాతలనాటి దావా కాగితాలు దాచుకున్నవారు నేటికీ ఉన్నారు. బరంపురం మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం పై అప్పీలు మద్రాసు హైకోర్టుకు పోయేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన పిమ్మట అది పాట్నాకు మళ్ళింది. 1948 జులై 26న కటక్‌లో హైకోర్టు నెలకొన్న తరువాత అక్కడికి చేరింది. ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు. న్యాయస్థానపు గడప మాత్రం మూడు నగరాలకు మారింది. ఇప్పుడది తెరమీదికి వచ్చింది.

ఈ మార్పు ఒక్కనాటిది కాదు. దూరదేశంలోని సాక్షి వాంగ్మూలాన్ని వీడియో ద్వారా నమోదు చేయవచ్చునని 2003లోనే సుప్రీంకోర్టు మహారాష్ట్ర నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో అంగీకరించింది. 2007లో ఈ-కోర్టుల పథకం మొదలైంది. అయినా మహమ్మారి వచ్చి తలుపులు మూయించేవరకు ఆ మార్గాన నడిచినవారు స్వల్పం. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు దేశంలోని న్యాయస్థానాలన్నింటికీ వీడియో విచారణల నియమాలను నిర్దేశించింది. సాధనసంపత్తి లేని కక్షిదారులకు న్యాయస్థానమే ఆ వసతి కల్పించాలన్నది అందులోని ఒక నియమం. పేదవానికి అన్నింటికన్న అవసరమైన ఆ మాటకే ప్రచారం తక్కువ.

ఒడిశా హైకోర్టు 2023లో జిల్లా కేంద్రాలకు వర్చువల్ హైకోర్టులను విస్తరింపజేసింది. కొరాపుట్ న్యాయవాది తన జిల్లాలోనే కూర్చుండి కటక్ ధర్మాసనం ఎదుట వాదించవచ్చును. రైలు ఖర్చు, బస ఖర్చు, పోయిన కూలి, వాయిదా పడిందని విని ఉత్త చేతులతో తిరిగివచ్చే రాత్రి ప్రయాణం, ఇవన్నీ తప్పుతాయి. యానాం సంగతి మరీ విశేషం. గోదావరి తీరాన, చుట్టూ ఆంధ్రదేశం నడుమ ఉన్న ఆ ఊరికి హైకోర్టు మాత్రం చెన్నైలో ఉన్నది. అటువంటి ఊళ్ళకు తెర ఒక వరమే.

అయితే ఆడవారి విషయంలో ఈ వరం అంత సులువుగా తేలలేదు. జబల్పూరులో భర్త వేసిన వివాహ వ్యాజ్యాన్ని హైదరాబాదుకు మార్చవలసిందిగా ఒక మహిళ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. బదిలీకి బదులు వీడియో విచారణ జరుపవచ్చునని 2017 మార్చిలో ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. అదే సంవత్సరం అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. రాజీ యత్నం జరిగే దశలో భార్యాభర్తలు ముఖాముఖి కూర్చోవలసిందేననీ, అది విఫలమైన పిదప ఉభయులూ సమ్మతిస్తేనే వీడియో విచారణను పరిశీలించవచ్చుననీ ఇద్దరు తీర్పు చెప్పారు. మూడవవారు విభేదించారు. దూరప్రయాణం చేయలేని స్త్రీకి ఈ సాధనం న్యాయాన్ని చేరువ చేస్తుందని వారి భావన.

ఇరుపక్షాల మాటలోనూ సత్యమున్నది. చంటిబిడ్డతో పరాయి రాష్ట్రానికి పోలేని తల్లికి తెర ఊరట. కాని అదే తల్లి అత్తవారింటి గదిలో, ఆ ఇంటివారి ఫోను ముందు కూర్చుంటే? తెరలో ఆమె ముఖం కనిపిస్తుంది. తలుపు వెనుక ఎవరు నిలిచి ఉన్నారో న్యాయమూర్తికి కనిపించదు. ఈ కారణంగానే ఇంటి తెరకన్న జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ గది మేలు.

ఇక భాష. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారం ప్రధానంగా ఆంగ్లంలో సాగుతుంది. క్రింది న్యాయస్థానాల భాషను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. తెలుగు మాత్రమే చదువనేర్చిన వృద్ధురాలికి ఈ రెండూ పరాయివే. పూర్వం న్యాయస్థానం ఆవరణలో చెట్టుక్రింద కూర్చున్న గుమాస్తా ఆమె మాట విని కాగితం వ్రాసిపెట్టేవాడు. రుసుము పుచ్చుకున్నా ఆమె భాషలో జవాబు చెప్పేవాడు. తెరకు ఆ ఓర్పు లేదు.

1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగవచ్చును. ప్రతి వ్యాజ్యానికీ 16 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానితో తదుపరి వాయిదా తేదీని ఇంటివద్దనే తెలుసుకోవచ్చును. ఈ పాఠశాలలో తెలుగు, ఒడియా, ఆంగ్లం మూడూ చదివే పిల్లలున్నారు. నాయనమ్మ దావా కాగితాన్ని ఒక సాయంకాలం వారి చేతికిచ్చి, ఆ సంఖ్య ఎక్కడున్నదో వెదకమని చెప్పవచ్చును.