కామెర్లా? పసరు కంటే ముందు టెస్ట్

కళ్ళు పచ్చబడగానే ఇంట్లో పెద్దవాళ్ళు అనేది ఒకటే మాట: "పసరు పోయించండి, పథ్యం పెట్టండి." ఒక్క నిమిషం ఆగండి. కామెర్లు అసలు జబ్బు కాదు, లక్షణం. రక్తంలో 1 లోపు ఉండాల్సిన బిలిరుబిన్ 2, 3 దాటితే కళ్ళల్లో పసుపు కనిపిస్తుంది. ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలి.

కలుషిత నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కావచ్చు. 2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్ ఇ అలాగే ప్రబలింది. హెపటైటిస్ బి, సి, ఆల్కహాల్, పిత్తాశయం నుంచి జారిన రాళ్ళు కూడా కారణాలే. ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకొస్తుంది! రాయి అడ్డుపడితే పసరు తాగుతూ కూర్చుంటే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ముందు ఎల్‌ఎఫ్‌టీ, అవసరమైతే స్కానింగ్.

మరి తిండి? చప్పిడి పథ్యంతో నీరసం ఇంకా పెరుగుతుంది. అన్నం, పప్పు, ఇడ్లీ, పెరుగు, గుడ్డు, పండ్లు తినొచ్చు. వికారంగా ఉంటే కొంచెం కొంచెంగా తినండి. కాచి చల్లార్చిన నీళ్ళే తాగండి. ఆల్కహాల్ పూర్తిగా బంద్. డాక్టర్‌ని అడక్కుండా పెయిన్ కిల్లర్స్ వద్దు.

మగత, తికమక మాటలు, రక్తపు వాంతి, చలిజ్వరం ఉన్నా, గర్భిణికి కామెర్లు వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. సికింద్రాబాద్ వాళ్ళకి గాంధీ హాస్పిటల్ దగ్గరే ఉంది. వెంటనే వెళ్ళండి.