దంతమునకు నేల, ఎముకకు పందిరి



“పండ్లున్నపుడు శనగలు లేవు, శనగలున్నపుడు పండ్లు లేవు” అని మనవారు నవ్వుచు చెప్పుకొను సామెత కలదు. ఆ సామెతకు నేను నవ్వుట మాని కొన్ని యేండ్లయినది. నేను చోడవరమున బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడు ఏకదంతుడు. ఆయనకు ఒక్క దంతముతో జరుగును గాని మనకు జరుగదు.

క్రింది దవడలో రెండు దంతములు కదలి చీము పట్టగా తీయించుకొంటిని. పోయిన పన్ను పోయినదని రెండేండ్లు ఊరకుంటిని. పిమ్మట విశాఖపట్టణమునకు బోయి, కదలని పండ్లు పెట్టుమని ఒక దంతవైద్యుని అడిగితిని. ఆయన ఎక్స్‌రే చూచి, “మాస్టారూ, గుంజ పాతుదమన్న నేల చాలదండీ” అనెను.

ఇందలి మర్మమేమి? దంతమును పట్టియుంచు ఎముక ఆ దంతము కొరకే నిలిచియుండును. దంతము పోయినచో, నీరు పెట్టని మడిగట్టువలె అదియు క్రమముగా కరగిపోవును. మొదటి సంవత్సరములోనే దవడగట్టు వెడల్పులో సుమారు సగము తరుగుననియు, ఆ తరుగులో ఎక్కువ భాగము మొదటి 3 నెలలలోనే జరుగుననియు డెన్మార్కు పరిశోధకులు 2003లో కొలిచి చూపిరి. నేను పోగొట్టుకొన్నది రెండు దంతములనే కాదు, వాని క్రింది నేలను గూడ.

ఎముకలో గట్టి భాగము కాల్షియము, భాస్వరముల కూడిక. బెల్లపు పెనములో చెరకురసపు మడ్డిని తేర్చుటకు మనము వేయు సున్నములో నున్నది ఆ కాల్షియమే. ఇక రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్క్ పండితునితో కలిసి లోకమునకిచ్చినవారు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

పోయిన ఎముకను తిరిగి పెంచు యత్నము నేటిది కాదు. 1892లో జర్మనీలో డ్రీస్‌మన్ అను వైద్యుడు ఎముకలోని గుంటలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపెను. 1920లో అమెరికాలో ఆల్బీ అను వైద్యుడు కాల్షియము, భాస్వరముల లవణమును వాడి చూచెను. 1969లో హెంచ్ అను శాస్త్రజ్ఞుడు ఎముకతో అతుకుకొను ఒక విధమైన గాజును కనిపెట్టెను. ఈ పొడులేవియు తామై ఎముక కావు. ఇవి పందిరి వంటివి. చిక్కుడుతీగ పందిరి నల్లుకొనునట్లు మన రక్తనాళములు, జీవకణములు ఆ రేణువుల నడుమ ప్రాకి క్రొత్త ఎముకను కట్టును. కొన్ని పందిళ్లు క్రమముగా కరగిపోవును, కొన్ని చిరకాలము నిలుచును.

“ఈ పొడి ఏ జీవి ఎముకండీ?” అని నేను వైద్యుని అడిగితిని. ఆయన నొచ్చుకొనలేదు. రోగి దవడనుండియే తీసినది, మరియొక మానవుడు దానమిచ్చినది, శుద్ధిచేసిన ఎద్దు ఎముక, కర్మాగారమున చేసినది అని నాలుగు విధములు గలవని విప్పి చెప్పెను. నేను కడపటిదానిని కోరుకొంటిని. ఎద్దు ఎముకపొడి బహుకాలముగా వాడుకలో నున్నదే, మంచి ఫలితము నిచ్చినదే. ఎవరి మనస్సు వారిది. అడుగుట మన హక్కు, చెప్పుట వైద్యుని ధర్మము.

పిదప ఆయన నన్నొక ప్రశ్న యడిగెను: “చుట్ట కాల్చుదురా?” నేను తల వంచుకొంటిని. మా అమ్మ అడ్డచుట్ట కాల్చెడిది, నిప్పు నోటిలోపల నుంచుకొని. కోస్తా ఆంధ్రమున ఆ అలవాటు వలన అంగిటికి పుట్టు పుట్టకురుపును గూర్చి గోవిందరెడ్డి, రావు గారలు 1957లోనే వ్రాసిరి. పొగ రక్తనాళములను కుదించును. రక్తము చేరని పందిరికి తీగ ప్రాకదు.

మానెదనని మాట యిచ్చితిని. రెండుచోట్ల పొడి నింపిరి. రెండవ నెలలో, పెరటిలో, ఇంటివారెరుగకుండ కొన్ని దినములు చుట్ట కాల్చితిని. ఆరు నెలలకు చూడగా ఒకచోట ఎముక గట్టిపడినది. అచట టైటానియపు మర బిగించి పన్ను నిలిపిరి. రెండవచోట గట్టిపడలేదు. చుట్టయే కారణమని వైద్యుడు నిశ్చయించి చెప్పలేదు. నా మనస్సు చెప్పినది. నాటినుండి నేటివరకు చుట్ట ముట్టలేదు.

కావున పెద్దలకు నా మనవి. పన్ను తీయించుకొను నాడే, ఆ గుంటను నింపవలయునా యని అడుగుడు. మధుమేహమున్నచో ముందు దానిని అదుపులో నుంచుకొనుడు. వాడు మందులన్నియు, ముఖ్యముగా ఎముకల బలమునకు వాడునవి, వైద్యునికి చెప్పుడు. చీమున్నచోట తొందరపడకుడు. ఖర్చెంతయో, పొడి ఎచటిదో, ఫలింపనిచో మరియొక మార్గమేమో ముందే తెలిసికొనుడు. ఈ చికిత్స అందరికిని అక్కరలేదు. తీసి పెట్టుకొను కట్టుడుపండ్లతో సుఖముగా భుజించువారు పెక్కండ్రు కలరు.

ఉన్న పన్నును కాపాడుకొనుట అన్నిటికంటె మేలు. నేను ఒకవైపుననే నమలుచు ఈ మాట చెప్పుచున్నాను. సెలవు.