అడవి మృగముల చిత్రములు: నిజమేది, కల్పనయేది?

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



హైదరాబాదులో బంధువులు లేని తెలుగు కుటుంబము మన బీదరులో అరుదు. అందుచేత 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి చిత్రములు మన ఫోనులను కూడ నింపినవి. విశ్వవిద్యాలయము ప్రక్కనున్న 400 ఎకరములలో యంత్రములు చెట్లను కూల్చుచుండగా, వాని యెదుట జింకలును నెమళ్లును దీనముగా నిలిచియున్న దృశ్యములవి. చూచినవారికి కన్నీరు వచ్చినది. తరువాత వానిలో కొన్ని కృత్రిమ మేధతో కల్పించినవని తేలినది. అట్టి చిత్రమును పంచుకొన్నందుకు ఒక ఉన్నతాధికారిణికి సైతము ఏప్రిలులో పోలీసుల నోటీసు వచ్చినది.

అంతట మనలో కొందరు, "ఆ గొడవ యంతయు బూటకమే" యని చేతులు దులుపుకొనిరి. ఇదియే నాకు బాధ కలిగించినది. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశముపై తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారు ఆ స్థలమును స్వయముగా చూచి నివేదిక పంపిరి. సుమారు 100 ఎకరములలో చెట్లు కూల్చబడినవనియు, అచ్చట నెమళ్లు, జింకలు, పక్షులు కనబడినవనియు అందున్నది. న్యాయస్థానము ఆ దినముననే పనులను నిలిపివేసినది. అనగా సంఘటన నిజము, చిత్రము కల్పితము. న్యాయమైన వ్యాజ్యమునకు దొంగసాక్షిని తెచ్చినట్లయినది.

మరి చిత్రమును పరీక్షించుట యెట్లు? మొదట కంటితో చూడవలెను. నీడలన్నియు ఒకే వైపునకు పడుచున్నవా? కాళ్ల లెక్క సరిపోయినదా? వాహనముపై అక్షరములు చదువ వీలగుచున్నవా? మృగము యొక్క స్వభావమెరిగియుండుట అన్నిటికంటె మేలు. మన జిల్లా పొలములలో కృష్ణజింకలను చూచినవారికి చెప్పనక్కరలేదు: దాని కొమ్ములు మెలిదిరిగి యుండును, చీలవు, ఏటేట రాలవు. చుక్కల దుప్పి కొమ్ములు శాఖలుగా చీలును, రాలి మరల మొలచును. సాధారణముగా రెండింటను కొమ్ములు మగదానికే. కృష్ణజింక దేహముపై దుప్పి కొమ్ములు కనబడినచో అది బ్రహ్మసృష్టి కాదు. అయితే యంత్రములు నానాటికి నేర్పు సంపాదించుచున్నవి. ఇట్టి తప్పులు తగ్గుచున్నవి గనుక కంటినే నమ్ముకొనరాదు.

వ్యాపారులము సరుకు మెరుపు చూచుటకు ముందు బిల్లు అడుగుదుము. బిద్రీ పాత్ర కొనువారు సైతము ఏ కార్ఖానాదని విచారింతురు. చిత్రమునకును అదియే మేలు: ఎవరు తీసిరి, ఎక్కడ, ఎప్పుడు? కెమెరా మూలప్రతిలో తేదీ, వేళ, కెమెరా వివరములు నిక్షిప్తమై యుండును. వాట్సప్ ద్వారా చిత్రముగా పంపినపుడు అవి తొలగిపోవును, చిత్రము కూడ కుదించబడును. కనుక పది చేతులు మారిన ప్రతిని భూతద్దముతో చూచినను ఫలితము స్వల్పము. అదే చిత్రము పూర్వమెచ్చటనైన ప్రకటింపబడినదా యని గూగుల్ లెన్సుతో వెదకుట తేలిక.

మూలమును వెదకిన ఫలితము చైనాలో కనబడినది. 2007లో షాన్సీ రాష్ట్రమున ఒక రైతు అరుదైన దక్షిణ చైనా పులిని ఫోటో తీసితిననగా అధికారులు బహుమానమిచ్చిరి. చారలతో సహా అదే పులి ఒక నూతన సంవత్సర పటమున దొరకినది! 2008 జూనులో అది మోసమని ప్రభుత్వమే ప్రకటించినది. మరియొక చిక్కు కలదు. 2009లో లండను నాచురల్ హిస్టరీ మ్యూజియము పోటీలో, కొయ్యగేటు మీదుగా దూకు తోడేలు చిత్రమునకు ప్రథమ బహుమతి లభించెను. అందు కంప్యూటరు మాయ యేమియు లేదు. కాని సందున దూరిపోగల అడవి తోడేలు దూకనేలయని సందేహము పుట్టినది. మచ్చికచేసిన తోడేలు కావచ్చునని నిర్వాహకులు నిర్ణయించి 2010 జనవరిలో బహుమతి రద్దు చేసిరి. ఛాయాగ్రాహకుడు మాత్రమంగీకరింపలేదు.

ఇది వట్టి వినోద విషయమని యనుకొనరాదు. 2018 జూలైలో మన జిల్లా ముర్కి గ్రామమున, పిల్లలనెత్తుకుపోవువారను వదంతి ఫోనులలో ప్రాకి, హైదరాబాదునుండి వచ్చిన యొక యువకుని ప్రాణము తీసినది. రేపు చిరుత తిరుగుచున్నదను దొంగచిత్రము వచ్చినచో, కర్రలు పట్టి పరుగెత్తు గుంపు ఎవరిపై పడునో యెవరు చెప్పగలరు?

కావున మన సంఘపు ఫోను బృందమునందు మృగముల చిత్రములు పంపువారు, తీసినవారి పేరు, స్థలము, తేదీ వ్రాయవలెనని నా మనవి. తెలియనిచో తెలియదనియే వ్రాయుడు. చిరుత చిత్రమైనచో ముందుగా అటవీశాఖ కార్యాలయమునకు చూపుడు. చిత్రములను వెదకు పద్ధతిని వచ్చు సమావేశమున నేర్పుటకు మన పిల్లలిద్దరు ఒప్పుకొనిరి. పెద్దలు ఫోనులతోబాటు కళ్లజోళ్లు కూడ తెచ్చుకొనవలెను.