గోడ దాటే తరంగాలు



ఒక పెద్ద ఆసుపత్రి ఉన్నదనుకోండి. ఆరు అంతస్తులు, వందలాది కంప్యూటర్లు. నాలుగో అంతస్తు మూలగదిలోని గుమాస్తాకు వైర్‌లెస్ సిగ్నలు సరిగా అందదు. రెండుసార్లు ఫిర్యాదు చేశాడు, ఎవరూ రాలేదు. చివరకు తానే బజారులో చిన్న రౌటరు కొని, గోడకున్న నెట్‌వర్క్ సాకెట్టుకు తగిలించాడు. ఆయన పని సుఖంగా సాగింది. అయితే ఆ క్షణం నుండి రోగుల వివరాలు నడిచే నెట్‌వర్కు వీధిలోకి కూడా అందసాగింది. ఆ డబ్బా సంకేతపదం చాలాసార్లు దాని అడుగునే అచ్చయి ఉంటుంది. అనుమతి లేని యాక్సెస్ పాయింట్ అంటే ఇదే. దీన్ని దొంగే పెట్టనక్కరలేదు. అందుచేత నా దృష్టిలో మొదటి రక్షణ, అన్ని గదులకూ మంచి సిగ్నలు అందించడమే.

ఇక పట్టుకోవడం ఎలా? సంస్థవారి సొంత యాక్సెస్ పాయింట్లే చుట్టూ ఉన్న తరంగాలను విని, జాబితాలో లేని పరికరాలను చూపగలవు. చిక్కేమిటంటే, ఎదురు వీధి టీకొట్టు రౌటరు కూడా ఆ జాబితాలో పడుతుంది. మన సరిహద్దు ఊళ్ళలో సెల్‌ఫోను పక్క రాష్ట్రపు టవరును అందుకున్నట్టే, తరంగాలకు గోడల హద్దులుండవు. కనుక తీగవైపు కూడా వెతకాలి. ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. గాలిలో కనిపించిన సంఖ్యే, లేదా దానికి దగ్గరి సంఖ్య, మన స్విచ్చి పట్టికలో కూడా కనబడితే డబ్బా మన భవనంలోనే ఉందని దాదాపు తేల్చుకోవచ్చు. అది ఏ సాకెట్టుకు తగిలించి ఉందో స్విచ్చే చెబుతుంది. ఆ సాకెట్టును మూసివేస్తే సరి.

గాలిలో ఎదురుదాడి చేసి పరాయి పరికరాలను తెంపే సదుపాయమూ ఉన్నది. దాన్ని తొందరపడి వాడరాదు. అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక హోటలు, అతిథుల సొంత వైఫై కనెక్షన్లను ఇలాగే తెంపినందుకు, 2014 అక్టోబరులో మారియట్ సంస్థ 6 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

తగిలించిన తరువాత వెతకడం కన్నా, తగిలించినా పనిచేయకుండా చేయడం మేలు. 2001లో వచ్చిన 802.1ఎక్స్ ప్రమాణం ప్రకారం, పరికరం తానెవరో రుజువు చేసుకునేదాకా గోడలోని సాకెట్టు మూసే ఉంటుంది. ప్రింటర్ల వంటి కొన్ని పాత పరికరాలకు మినహాయింపు ఇవ్వక తప్పదు. ఆ మినహాయింపుల పట్టికను ఏటా ఒకసారైనా తిరగేయాలి.

తీగతో సంబంధం లేని మోసం ఇంకొకటి ఉన్నది. సంస్థ వైఫై పేరే పెట్టుకుని, బయట కారులోంచి నకిలీ పరికరం పిలుస్తుంది. 2018 ఏప్రిల్ 13న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, రసాయన ఆయుధాల నిషేధ సంస్థ పక్కనున్న హోటలు ఆవరణలో ఒక కారు డిక్కీలో వైఫైని దొంగిలించే సామగ్రి దొరికింది. నలుగురు రష్యన్లను ఆనాడే దేశం నుండి పంపివేశారు. లోపలివారి లాగిన్ వివరాలే వారి గురి అని డచ్చి ప్రభుత్వం ప్రకటించింది.

దీనికి విరుగుడు ఉద్యోగి యంత్రంలోనే ఉంది. సంకేతపదం ఇచ్చేముందు అవతలి సర్వరు ధ్రువపత్రాన్ని యంత్రం సరిచూడాలి. హెచ్చరిక రాగానే "సరే" నొక్కడం మనందరి అలవాటు కదా! కాబట్టి ఆ అమరికను సంస్థవారే ముందుగా చేసి, ఉద్యోగి మార్చడానికి వీలులేకుండా ఇవ్వాలి.