పాసంగం తెలిసిన భాషకు క్యాలిబ్రేషన్ కొత్త కాదు

(ప్రసంగ పాఠం)



సాంకేతిక విద్య తెలుగులో సాధ్యం కాదనేవారు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఒక చిన్న పనిని తీసుకుని చూద్దాం.

తోరణగల్లు ఉక్కు కర్మాగారం, కుడితిని విద్యుత్కేంద్రం వంటి చోట్ల ఆవిరి, గాలి, నీరు ఎంత ఒత్తిడితో ఉన్నాయో నియంత్రణ గదికి తెలిపే పరికరం ప్రెషర్ ట్రాన్స్‌మిటర్. ఒత్తిడిని అది 4 నుండి 20 మిల్లీఆంపియర్ల విద్యుత్తుగా మార్చి పంపుతుంది. సున్నా ఒత్తిడికి 4 ఎందుకు? తీగ తెగితే వచ్చేది సున్నా గనుక. 4 వస్తే ఒత్తిడి లేదని, ఏమీ రాకపోతే తీగ తెగిందని తెలుస్తుంది.

ఒత్తిడి పెరిగినా ఈ పరికరం తక్కువని చెబితే, గదిలోని మనిషి దానినే నమ్ముతాడు. బాయిలరు పక్కన పనిచేసే మన పిల్లలకు అదే ముప్పు. కాబట్టి దానిని గడువు తప్పక సరిచూడాలి. ఆ పనే క్యాలిబ్రేషన్.

పరికరాన్ని పనిబల్లపై అమర్చి, చేతిపంపును, చేతిలో ఇమిడే క్యాలిబ్రేటరును గొట్టంతో దానికి కలుపుతారు. ముందుగా గొట్టాన్ని గాలికి తెరచి సున్నా చూస్తారు. 0–10 బార్ల పరికరానికి 0, 2.5, 5, 7.5, 10 బార్లు ఇస్తే వరుసగా 4, 8, 12, 16, 20 రావాలి. ఒత్తిడి పెంచేటప్పుడూ, దించేటప్పుడూ చూడాలి. ఏదీ సవరించక ముందే ఆ అంకెలు రాసుకోవాలి. లేకుంటే పరికరం అంతవరకు ఎంత తప్పు చెప్పిందో ఎన్నటికీ తెలియదు.

0, 5, 10 బార్ల వద్ద 4.16, 12.16, 20.16 వచ్చాయనుకోండి. తప్పు అంతటా ఒక్కటే. ఇది సున్నా దోషం. ఖాళీ త్రాసు ఒకవైపు ఒరిగితే మన అంగడివారు పాసంగం కట్టి సరిచేయరా? ఇదీ అంతే. 4.00, 12.08, 20.16 వస్తే ఒత్తిడితోపాటు తప్పూ పెరుగుతున్నది. ఇది స్పాన్ దోషం, తూకపురాయే తప్పైనట్లు. రాయి తప్పైతే పాసంగం కట్టి లాభం లేదు. ఇక క్యాలిబ్రేటరు ముద్ర పడిన రాయి వంటిది. అది ట్రాన్స్‌మిటరు కంటే నాలుగు రెట్లు ఖచ్చితంగా ఉండాలన్నది వాడుక. దానినీ ప్రయోగశాలలో సరిచూపించాలి.

ఇంత చెప్పడానికి తెలుగు ఎక్కడా తడబడలేదు. ‘జీరో’, ‘స్పాన్’ అని బట్టీపట్టిన కుర్రవాడు ఒకదానికి బదులు మరొకటి సవరిస్తాడు. పాసంగం గుర్తున్నవాడు సవరించడు.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మన ఇళ్లలో తెలుగు నిలిచింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధనకు తగిన వసతులు ఉండాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతున్నది. ఆ పునాది లేకుంటే పై చదువు గాలిలో కట్టిన గోడే. కన్నడం మనకు పరాయి కాదు. ఆంగ్ల పరికరనామాలను తోసివేయనక్కరలేదు. ఐటీఐలలో పని పాఠాలను కన్నడంతోపాటు తెలుగులోనూ అచ్చువేయాలని అడుగుదాం.

అంతవరకు తల్లిదండ్రులు చేయగలిగినది ఒకటున్నది. పనినేర్చే బిడ్డను, ఆనాడు నేర్చినదానిని ఇంటి మాటలో చెప్పమనండి. చెప్పగలిగితే అది వాడికి వచ్చినట్లు. చెప్పలేకపోతే, బల్ల దగ్గరకు మళ్లీ వెళ్లి అడిగే హక్కు వాడికి ఉన్నదని ధైర్యం చెప్పండి.