తొట్టి కొనే ముందు బిందెలు లెక్కపెట్టండి
(మండల రైతు సంఘం మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి వేరుశనగ ధర గురించి, పంటల బీమా గురించి చాలామంది మాట్లాడారు. అధ్యక్షులవారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. నేను ఇంటి వెనక పెరడు గురించి, దానికి వాననీళ్లు పట్టే తొట్టి గురించి మాట్లాడతాను. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ పోయిన ఆగస్టులో సంతలో డబ్బు పెట్టి టమోటా, వంకాయ కొన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఇక్కడ అందరి చేతులూ లేస్తాయి. అందరం రైతులమే మరి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. నాలుగేళ్ల కింద అంగడాయన మాట విని 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు తెచ్చాను. పెరటికి ఇది చాలన్నాడు. జూలైలో ఒక్క పెద్దవానకే నిండి పొర్లిపోయింది. నాకు మహా సంతోషం. ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేదు. ఎనిమిదో రోజుకే ట్యాంకు అడుగంటింది. ఇంకో సంగతి, దాన్ని నేలమీదే పెట్టాను. కొళాయి కింద బిందె పట్టదు. చెంబుతో పట్టి బిందెలో పోసుకోవాలి. "కొన్నది నువ్వు, మోసేది నేను. ఒక మాట అడిగింటే ఏం పోయె?" అంది మా ఇంటామె. నా దగ్గర జవాబు లేదు.

మా ఊర్లోనే ఇంకొకాయన దీనికి తలకిందులుగా చేశాడు. అప్పు తెచ్చి 10 వేల లీటర్ల సంపు కట్టించాడు. వాళ్లది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. రెండో ఎండాకాలానికి సంపు గోడ పగిలింది. ఎర్రనేలలో అయితే నిలిచేదేమో. కానీ అంత పెద్దది ఆ పెరటికి అక్కర్లేదు. అప్పు మాత్రం ఇంకా ఉంది.

అయితే ఎంత తొట్టి కావాలి? మిద్దె ఎంత ఉందని చూసి కొంటే మోసపోతాం. మిద్దె మీద పడే నీళ్లు ఎప్పుడూ తొట్టికంటే ఎక్కువే. లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 అడుగులకు 25 అడుగుల మిద్దె అంటే 500 చదరపు అడుగులు, సుమారు 46 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడి, అందులో ఐదో వంతు ఇంకిపోయినా, చింది పోయినా, 740 లీటర్లు దిగుతాయి. దాదాపు యాభై బిందెలు. మన అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. అంటే ఆ ఒక్క మిద్దె మీదే ఏడాదికి 20 వేల లీటర్లు. కరువు జిల్లా అంటారు కదా, అయినా ఇంత లెక్క వస్తుంది.

కానీ అవన్నీ ఒకేసారి పట్టుకోనక్కర్లేదు. తొట్టి ఏడాదిలో చాలాసార్లు నిండుతుంది, ఖాళీ అవుతుంది. మనకు కావలసింది వానకూ వానకూ మధ్య ఎడం గట్టెక్కడం. వేరుశనగ వేసినవాళ్లకు ఆ ఎడం సంగతి నేను చెప్పాలా? జూలై, ఆగస్టులో ఇరవై, ఇరవై ఐదు రోజులు ఆకాశం చూస్తూ కూర్చుంటాం. 10 అడుగులకు 15 అడుగుల మడికి ఎండరోజుల్లో నాలుగు బిందెలు, అంటే 60 లీటర్లు కావాలి. ఇరవై ఐదు రోజులకు 1500 లీటర్లు. మీ తొట్టి అదే. మొదళ్లకు వేరుశనగ పొట్టో ఎండుగడ్డో కప్పితే మూడు బిందెలతో సరిపోవచ్చు. అప్పుడు ఇంకా చిన్నది చాలు.

ఈ మాపుకు నా ఓటు సిమెంటు వరలకు. మరుగుదొడ్డి గుంటలకు దింపేవే. 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు వరలో 350 లీటర్లు పడతాయి. ఐదు వరలు నేలపైన నిలబెట్టి, అడుగున కాంక్రీటు వేసి, అతుకులు లోపలా బయటా పూయించాలి. పూత మేస్త్రీ పక్కన నిలబడి చూసుకోండి, కారేది అక్కడే. వారం రోజులు తడపాలి. ప్లాస్టిక్ ట్యాంకు కొన్నా తప్పులేదు, నీడలో పెట్టుకోండి. మందు డబ్బాలు, రసాయనాలు వచ్చిన డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. ముట్టుకోవద్దు.

అరుగు ఒకటిన్నర అడుగు ఎత్తు కట్టండి, బిందె పట్టేట్టు. నిండిన తొట్టి 1700 కిలోల పైనే తూగుతుంది. డీఏపీ బస్తాలు ముప్పై ఐదు ఒకచోట పేర్చినట్టు. మట్టి అరుగు ఆగదు. కొళాయి అడుగునుంచి నాలుగు వేళ్ల ఎత్తులో పెడితే మడ్డి రాదు.

మూత మాత్రం తప్పనిసరి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇంటి దగ్గరి తేటనీళ్లలోనే. పొర్లుగొట్టానికి కూడా దోమల జాలి కట్టండి. పిల్లలున్న ఇంట్లో మూతకు గొళ్లెం వేయండి. ఎండలకు తొలిసారి పడే వానలో మొదటి ఐదారు బిందెల నీళ్లు బయటికి వదిలేయాలి. మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్ట అందులోనే వస్తాయి. చవుడు పోసిన పాత మట్టిమిద్దె నీళ్లు చెట్లకు పనికిరావు. వాళ్లు ముందు వసారా రేకుల నీళ్లు పట్టుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ తొట్టి ఆదుకోదు. ఆ రెండు నెలలు మునగ, కరివేపాకు బతికించుకుంటే చాలు, పాత్రలు కడిగిన నీళ్లతో. చేనుకూ ఈ తొట్టి నీళ్లివ్వదు. కాబట్టి హంద్రీ-నీవా నీళ్ల కోసం మనం అడిగేది అడుగుతూనే ఉండాలి. తొట్టి కట్టుకున్నారు కదా అని ఏ అధికారీ తప్పించుకోకూడదు. ఉపాధి పనుల కింద పొలాల్లో కుంటలు తవ్వించారు. ఇంటి తొట్టికీ వరలు, కూలి ఇమ్మని ఈ మహాసభ తీర్మానం చేయాలని కోరుతున్నాను.

వచ్చే నెల సమావేశానికి మిద్దె పొడవు, వెడల్పు కొలిచి తీసుకురండి. మడికి రోజుకు ఎన్ని బిందెలు పడుతున్నాయో ఇంట్లో అడిగి రాసుకుని రండి. మోసేవాళ్లనే అడగండి. కూర్చుని లెక్క వేద్దాం.