మన వంటిల్లు కూడా ఒక దస్త్రమే
(ముస్లిం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి చర్చించే వేదిక మీద వంట ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. కాగితం మీద లేనిది లెక్కలోకి రాదని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. మన ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న వంట ఇప్పటికీ చాలావరకు కాగితం మీదికి ఎక్కలేదు. నా ఆందోళన అదే.

ముస్లింల ఆహారం అనగానే లోకానికి స్ఫురించేవి బిర్యానీ, హలీం. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కానీ అవి ఎక్కువగా బట్టీల దగ్గర, హోటళ్లలో, పెండ్లిళ్లలో మగవారు వండే వంటలు. ఇంట్లో నిత్యం పొయ్యి మీదికి ఎక్కేవి వేరు. ఖట్టీ దాల్, తెల్లన్నం, ఏదో ఒక సాలన్, ఉదయం పూట ఖిచిడీ, ఖీమా, ఖట్టా. వీటిని నిలబెట్టినవారు మన అమ్మలు, నానీలు, దాదీలు. వారి పనికి గుర్తింపూ లేదు, నమోదూ లేదు.

ఈ వంటలను ఒకసారి పరిశీలించండి. వేసవి మొదట్లో చింతచెట్టు చిగురించగానే మన ఇళ్లలో చుగుర్ కా గోష్త్ వండుతారు. అంబాడే కా గోష్త్ అంటే గోంగూర మాంసమే. పేర్లు రెండు, ఆకు ఒక్కటే. ఖట్టీ దాల్‌లో ఉన్నది కందిపప్పు, చింతపండు పులుసు; తాలింపులో ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు. బగారా బైంగన్‌కు పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరి చింతపండు రసం పోస్తాం. పొరుగింటి గుత్తివంకాయ కూరకు ఇది స్వయానా చెల్లెలు. ఈ నేలలో పండినదే మన కుండలో ఉడికింది. రాయలసీమ, కోస్తా జిల్లాలలో తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల కుటుంబాలలో ఈ అనుబంధం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. బఘార్ అంటే తాలింపు. ఆ మాటతో ఏర్పడిన బగారా అన్నం నేడు తెలంగాణ పల్లెలలో హిందూ కుటుంబాల శుభకార్యాలలోనూ మాంసం కూరకు తోడుగా వడ్డిస్తున్నారు. మనమందరం మనదే అనుకునే మిరపకాయ, వేరుశనగ కూడా పోర్చుగీసువారి రాకపోకల తరువాత అమెరికా ఖండం నుండి వచ్చినవే. ఏ వంటింటికీ గోడలు లేవని ఇంతకన్నా రుజువేమి కావాలి?

అయినా అద్దె ఇల్లు అడగబోతే "మీ ఇంట్లో ఏం వండుతారు?" అని ప్రశ్నించే యజమానులు ఉన్నారు. తోటివారి ఎదుట టిఫిన్ డబ్బా మూత తీయడానికి సంకోచించే పిల్లలు ఉన్నారు. తన వంటను చూసి సిగ్గుపడిన పిల్లవాడు రేపు తన తల్లి మాటను, తన పేరును చూసి కూడా సిగ్గుపడతాడు. విశిష్టమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని పరిరక్షించుకునే హక్కును రాజ్యాంగంలోని 29వ అధికరణం ఇచ్చింది. హక్కు రాజ్యాంగం ఇచ్చినా, పరిరక్షించే పని మాత్రం మనమే చేయాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఇంటివంటను కాపాడడమంటే ఆడపిల్లను పొయ్యికి కట్టివేయడం కాదు. రంజాన్ మాసంలో సహరీ కోసం అందరికన్నా ముందు లేచేది ఇల్లాలే, చివరి ముద్ద తినేదీ ఆమే. వంట పేరు చెప్పి అమ్మాయి చదువు మాన్పిస్తే మనం కాపాడేది సంస్కృతిని కాదు, అన్యాయాన్ని. కనుక కొడుకులకూ వంట నేర్పండి. చదువు కోసం, ఉద్యోగం కోసం గల్ఫ్‌కో మరో నగరానికో వెళ్లే అబ్బాయికి ఖట్టీ దాల్ వండుకోవడం తెలిస్తే అతనికీ మేలే.

మరొక విషయం. అచార్లు, సమోసాలు, రొట్టెలు చేసి కుటుంబాన్ని పోషిస్తున్న సోదరీమణులు మన బస్తీలలో ఉన్నారు. సరుకు ధర లెక్కిస్తారు కానీ తమ శ్రమకు ధర కట్టరు. లాభం దళారి జేబులోకి పోతుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం చిన్న ఎత్తున ఆహారం తయారుచేసి అమ్మేవారు కూడా నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ధైర్యంగా అమ్ముకోవచ్చు. చదువుకున్న యువకులు వారానికి ఒక పూట కేటాయించి దరఖాస్తు నింపిపెట్టండి. ఆమె పేరుతోనే బ్యాంకు ఖాతా తెరిపించండి. రోజువారీ జమాఖర్చు రాయడం నేర్పండి.

చివరగా ఒక విన్నపం. మన పెద్దల వంటకు కొలత "అందాజ్". అది పక్కన నిలబడి చూసినవారికే అబ్బుతుంది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి, మసాలా పొట్లాలు వచ్చాయి, పక్కన నిలబడేవారు కరువయ్యారు. ఒక్కో నానీమాతో పాటు కొన్ని వంటలు కూడా వెళ్లిపోతున్నాయి. అందుకే ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. వంట పేరు, కొలతలు, వండే కాలం, ఎవరి వద్ద నేర్చుకున్నారు, వారిది ఏ ఊరు అని అయిదు గడులు గీయండి. "కొంచెం పులుపు" అని వదిలేయకండి. "గ్లాసెడు పప్పుకు నిమ్మకాయంత చింతపండు" అని రాయండి. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా సరే. ముఖ్యంగా నేర్పిన స్త్రీ పేరు తప్పక రాయండి.

కూర వండినపుడు నీళ్లు కొంత ఎక్కువ పోసి పొరుగువారికి పంచమన్న ప్రవక్త బోధ మనకు తెలిసినదే. ఆ గిన్నె ఏ మతం వారి గడప దగ్గరా ఆగకూడదు. మన గురించి వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఒక్క గిన్నె సాలన్ చెబుతుంది. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే మీ ఇంట్లోని పెద్దావిడ పక్కన కూర్చుని మొదటి పేజీ రాయండి.